సెకండ్ హ్యాండ్ పోర్షే 911 కరేరా ఎస్: హైదరాబాద్ రోడ్ల మీద ఐదేళ్లు దాటాక

2014 మోడల్ పోర్షే 911 కరేరా ఎస్‌ను సెకండ్ హ్యాండ్‌లో కొని ఐదేళ్లు దాటింది. ఏపీ 09 నంబరు బండి, మొదటి నుంచీ హైదరాబాద్‌లోనే తిరిగింది. ఇన్నేళ్లలో అందరూ అడిగింది ఒకటే, "ఎంతకొచ్చింది?" అని. కొనాలనుకునేవాళ్లు అంతకంటే ముందు అడగాల్సింది "ఏడాదికి ఎంత తింటుంది?" అని. కొత్తలో రోడ్డెక్కేసరికి కోటిన్నర దాటిన బండి నాకు దాదాపు సగం ధరకే వచ్చింది. బండి ధర సగమైంది గానీ దాని బ్రేక్ డిస్కులు, టైర్లు, సెన్సర్ల ధర ఒక్క రూపాయి తగ్గలేదు. అవి ఇప్పటికీ కోటిన్నర బండి విడిభాగాలే. ఈ లెక్క ఒంటబట్టినవాళ్లకి ఇది అద్భుతమైన కారు. నా మటుకు నేను ఇంత ఇష్టపడి వాడిన వస్తువు ఇంకోటి లేదు.

ముందు ఈ మోడలే ఎందుకో చెప్తాను. 911లో 991 అనే తరం 2011లో ఫ్రాంక్‌ఫర్ట్ షోలో బయటికొచ్చింది. 2015 చివర్లో దాన్ని మార్చినప్పుడు మామూలు కరేరాలన్నిటికీ టర్బోలు (ఇంజన్‌లోకి గాలిని బలంగా నెట్టే పరికరాలు) పెట్టేశారు. అంతకు ముందు బండ్లలో ఉన్నది టర్బో లేని ఆరు సిలిండర్ల ఇంజన్. కరేరా ఎస్‌లో అది 3.8 లీటర్లు, 400 హార్స్‌పవర్. పూర్తి పవర్ 7,400 ఆర్‌పీఎం దగ్గర గానీ రాదు. టర్బో ఇంజన్ కిందనుంచే లాగుతుంది కాబట్టి సిటీలో అదే సుఖం, కాదనను. కానీ ఐదు వేలు దాటాక ఈ ఇంజన్ గొంతు మారే తీరు, ఆ పైన ఏడున్నర వేల దాకా ఎక్కడా ఆయాసపడకుండా ఎక్కే తీరు టర్బో బండిలో నాకు దొరకలేదు. అందుకే పాతదే వెతికాను.

ఇంకా తక్కువలో వస్తుందని 2008కి ముందు బండ్ల వైపు చూసేవాళ్లకి ఒక మాట. 991కి ముందు వచ్చిన 996 తరంలోనూ, 997 తరం మొదటి సగంలోనూ ఇంటర్మీడియట్ షాఫ్ట్ బేరింగ్ అనే భాగం ఉంటుంది. అది విరిగితే ఇంజన్ మొత్తం పోయే ప్రమాదం ఉంది. టర్బో, జీటీ3 మోడళ్లలో ఇంజన్ వేరు కాబట్టి వాటికి ఈ గొడవ లేదు. 2009 మోడల్ నుంచి మామూలు కరేరాలకీ కొత్త ఇంజన్ వచ్చింది, అందులో ఆ షాఫ్టే లేదు. పది లక్షలు మిగులుతుందని పాతదానికి వెళ్లేవాళ్లు ముందు ఆ బేరింగ్ మార్చారా లేదా, మారిస్తే బిల్లు ఉందా అని చూడాలి.

బండి వెతకడానికే నెలలు పట్టింది. బ్రోకర్లందరి పాటా ఒకటే. "సార్, డాక్టర్ గారి బండి, సింగిల్ ఓనర్, ఎప్పుడూ కవర్ కిందే ఉంటుంది." కవర్ కింద ఉన్న బండంటేనే నాకు అనుమానం. నడవకుండా పడి ఉన్న కారులో రబ్బరు సీళ్లు ఎండిపోతాయి, టైర్లు గట్టిపడతాయి, బ్యాటరీ చస్తుంది. పదేళ్లలో ఎనిమిది వేల కిలోమీటర్లు తిరిగిన బండి కంటే, ఏటా సర్వీసు బిల్లులతో నలభై వేలు తిరిగిన బండినే నేను నమ్ముతాను. ఒక బ్రోకర్ ఇన్‌స్పెక్షన్‌కి ఒప్పుకోలేదు, "ఇంత పెద్ద బండికి చెకింగ్ ఏంటి సార్" అన్నాడు. అక్కడితో ఆ బేరం వదిలేశాను.

ఇన్‌స్పెక్షన్‌లో అన్నిటికంటే పనికొచ్చింది ఇంజన్ కంప్యూటర్ నుంచి తీసిన రిపోర్టు. అందులో ఇంజన్ మొత్తం ఎన్ని గంటలు నడిచిందో ఉంటుంది. మీటర్ మీద ఉన్న కిలోమీటర్లను ఆ గంటలతో భాగించండి. 22 వేల కిలోమీటర్లకి 900 గంటలు ఉంటే గంటకి సగటున 24 కిలోమీటర్లు, మన సిటీకి సరిపోయే లెక్కే. అదే 22 వేలకి 2,000 గంటలు చూపిస్తే సగటు 11. అప్పుడు మీటర్ వెనక్కి తిప్పారేమో అని నిలదీయాలి. అదే రిపోర్టులో ఇంజన్‌ని హద్దు దాటి తిప్పిన సందర్భాలు ఆరు మెట్లుగా ఉంటాయి. మొదటి రెండు మెట్లలో కొన్ని ఉన్నా కంగారు పడక్కర్లేదు. పైమెట్లలో ఉంటే, ముఖ్యంగా మాన్యువల్ గేర్ బండి అయితే, దణ్ణం పెట్టి బయటికొచ్చేయడమే. నాది పీడీకే, అంటే రెండు క్లచ్‌ల ఆటోమేటిక్. తప్పు గేరు వెయ్యమన్నా అది వెయ్యదు, కాబట్టి ఆ భయం తక్కువ.

మన షెడ్లలో అయస్కాంతం అంటించి, పట్టకపోతే పుట్టీ పెట్టారని తేల్చేస్తారు. ఈ కారు దగ్గర ఆ పద్ధతి చెల్లదు. 991లో తలుపులు, ముందు మూత, పైకప్పు అల్యూమినియం. అయస్కాంతం ఎలాగూ పట్టదు. అల్యూమినియం మీద కూడా పెయింట్ మందం కొలిచే గేజ్ కావాలి. వరదలో మునిగిన బండా అన్న అనుమానం ఉంటే సీటు బెల్టుని చివరిదాకా బయటికి లాగండి. పైన కనిపించే భాగం కడిగేస్తారు గానీ, లోపల చుట్టలో ఉండే చివరి జానెడు ఎవరూ కడగరు. 2020 అక్టోబరు వానల తర్వాత హైదరాబాద్‌లో ఏ పెద్ద కారు చూసినా నేను మొదట చేసే పని ఇదే.

కాగితాల గురించి కాస్త ఓపిగ్గా చెప్పాలి. బేరాలు చెడేది ఎక్కువగా ఇక్కడే. ఢిల్లీలో 15 ఏళ్లు దాటిన పెట్రోల్ బండ్ల మీద ఆంక్షలు పెట్టారు కాబట్టి అక్కణ్ణుంచి స్పోర్ట్స్ కార్లు చవగ్గా దిగుతూ వచ్చాయి. పుదుచ్చేరి నంబరు బండ్ల సంగతి తెలిసిందే, అక్కడ పన్ను తక్కువ. అవి ఇక్కడ 12 నెలలు దాటి ఉంటే ఎన్ఓసీ (పాత రాష్ట్రం ఇచ్చే నిరభ్యంతర పత్రం) తెచ్చి మన నంబరు వేయించాల్సిందే. తెలంగాణలో ఖరీదైన కారుకి లైఫ్ ట్యాక్స్ శాతం కూడా ఎక్కువే. పాత బండికి వయసును బట్టి తగ్గించినా, కోటి దాటిన ఇన్‌వాయిస్ మీద అది లక్షల్లోనే ఉంటుంది. బయటి రాష్ట్రం బండి పది లక్షలు తక్కువకి వస్తుందని సంబరపడేలోపే ఆ పది లక్షలు ఆర్టీఏ ఆఫీసులో కట్టాల్సి రావచ్చు. లోన్ ఉన్న బండి అయితే, అది తీరిందని బ్యాంకు ఇచ్చే ఫారం 35 చేతికి వచ్చాకే డబ్బు మొత్తం ఇవ్వండి. ప్రైవేటుగా దిగుమతి చేసుకున్న బండి అయితే కస్టమ్స్ బిల్ ఆఫ్ ఎంట్రీ (దిగుమతి కాగితం) అడగండి. సుంకం ఎగ్గొట్టిన విలాస కార్ల మీద డీఆర్ఐ (కేంద్ర రెవెన్యూ ఇంటెలిజెన్స్ విభాగం) కేసులు పెట్టింది. అలాంటి కేసుల్లో బండిని సీజ్ చేస్తే చిక్కుల్లో పడేది ఇప్పుడు దాన్ని నడుపుతున్న మనమే.

ఇక నడపడం. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేయగానే కాసేపు గట్టిగా గర్జించి, తర్వాత సర్దుకుంటుంది. నీళ్ల వేడి ముల్లు తొందరగానే మధ్యకొచ్చేస్తుంది, దాన్ని చూసి తొక్కకూడదు. చూడాల్సింది ఆయిల్ వేడి. అది 90 డిగ్రీలు దాటేదాకా నేను నాలుగు వేల ఆర్‌పీఎం దాటను. అమ్మేవాడు బండిని ఎలా చూసుకున్నాడో తెలియాలంటే టెస్ట్ డ్రైవ్‌లో స్టీరింగ్ ఆయన చేతికే ఇవ్వండి. చల్లటి ఇంజన్‌ని కాలనీ దాటకముందే అరిపించాడంటే ఇన్నాళ్లూ అలాగే నడిపాడన్నమాట.

ఔటర్ రింగ్ రోడ్డు 158 కిలోమీటర్లు, హద్దు 120. ఈ కారు 302 దాకా పోగలదు. ఆ 302 ఇక్కడ ఎందుకూ పనికిరాదు, పనికొచ్చేలా చేయాలని చూడకూడదు కూడా. ఈ కారు సుఖమంతా నాకు అనంతగిరి మలుపుల్లో, శ్రీశైలం ఘాట్‌లో దొరికింది. ఇంజన్ బరువు వెనక చక్రాలకి ఇంకా వెనక ఉంటుంది. అందుకని మలుపుకి ముందే బ్రేక్ పూర్తిచేసి, ముక్కు లోపలికి తిరిగాక నెమ్మదిగా యాక్సిలరేటర్ ఇస్తూ పోవాలి. అప్పుడు వెనక భాగం రోడ్డుని గట్టిగా అదిమిపట్టి కారుని ముందుకి తోస్తుంది. ఆ క్షణంలో నడుము దగ్గర తెలిసే తోపు మామూలు కార్లలో ఉండదు. మలుపు మధ్యలో భయపడి ఒక్కసారిగా కాలు తీసేస్తే మాత్రం వెనక భాగం తేలికైపోతుంది. తడి రోడ్డు మీద ఈ సంగతి ఎప్పుడూ మనసులో ఉండాలి. శ్రీశైలం వెళ్లాలనుకుంటే అమ్రాబాద్ అడవి గేటు రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా మూసి ఉంటుందని గుర్తుపెట్టుకుని బయల్దేరండి.

సిటీలో గచ్చిబౌలి ట్రాఫిక్‌కి కూడా ఇది ఓర్చుకుంటుంది. కాకపోతే పీడీకేని అంగుళం అంగుళం జరిపితే క్లచ్‌లు వేడెక్కుతాయి. ముందు బండికీ మనకీ కొంత ఖాళీ వచ్చాక ఒకేసారి కదలడం మంచిది. వెనక సీట్లు పిల్లలకే. మా అమ్మకి మోకాళ్ల నొప్పులు, ఇంత కిందికి కూర్చుని లేవడం ఆవిడ వల్ల కాదు. ఇంట్లో పెద్దవాళ్లుంటే రెండో కారు తప్పదు.

స్పీడ్ బ్రేకర్లు నేను అనుకున్నంత ఇబ్బంది పెట్టలేదు. ఓరగా, ఒక్కో చక్రం ఎక్కిస్తూ పోతే చాలావరకు గట్టెక్కుతుంది. కాలనీవాళ్లు సొంతంగా పోయించుకున్న నిటారు దిబ్బలే సమస్య. అసలు బెంగ టైర్లది. ముందు 245/35, వెనక 295/30, అన్నీ 20 అంగుళాలు. పక్కగోడ అంత పల్చగా ఉన్నప్పుడు ఒక్క గుంత చాలు, టైరు ఉబ్బడానికి. నాకలా జరిగింది. స్టెప్నీ ఉండదు, కంప్రెసర్, జిగురు డబ్బా ఇస్తారంతే. పక్కన ఉబ్బిన టైరుకి ఆ జిగురు పనికిరాదు. ఫ్లాట్‌బెడ్ టోయింగ్ నంబరు ఒకటి ఫోన్‌లో పెట్టుకోవాలి. కొనేటప్పుడు టైరు మీద నాలుగంకెల తేదీ చూడండి. 2318 అని ఉంటే 2018లో 23వ వారం. గాడి ఎంత నిండుగా ఉన్నా ఆరేళ్లు దాటిన టైర్లకి నేను ధరలో పూర్తి సెట్టు డబ్బు తగ్గించమంటాను.

రేడియేటర్లు ముందు బంపర్ రెండు మూలల్లో ఉంటాయి. మన వేపాకులు, దుమ్ము అక్కడ మేట వేసి, వాన తడికి కుళ్లి, ఏసీ కండెన్సర్‌ని తినేస్తాయి. ఏడాదికొకసారి బంపర్ విప్పించి శుభ్రం చేయిస్తాను. చిన్న పనే, కానీ ఎండాకాలం ఏసీ దీనిమీదే ఆధారపడి ఉంది. బ్యాటరీ ముందు డిక్కీలో ఉంటుంది, ఆ డిక్కీ తెరుచుకోవడానికి కరెంటు కావాలి. బ్యాటరీ చచ్చిపోతే, కారు లోపలి ఫ్యూజ్ బాక్సులో బయటికి లాగే ఒక పాజిటివ్ కొన ఉంటుంది. దానికి బయటి బ్యాటరీ తగిలించి డిక్కీ తెరవాలి. అలారం మోగుతుంది, టెన్షన్ పడకండి. పది రోజులు తీయకపోతే చార్జర్ పెట్టి ఉంచితే ఈ గొడవే ఉండదు.

పెట్రోల్ 100 ఆక్టేన్‌దే వాడుతున్నాను, ఖరీదు ఎక్కువే. ఈ ఇంజన్ 98 ఆక్టేన్‌కి చేసింది. పైగా ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్) వచ్చాక పాత బండిలో మామూలు పెట్రోల్ పోయడానికి నాకు మనసొప్పడం లేదు. సిటీలో లీటరుకి ఐదారు కిలోమీటర్లు, ఔటర్ మీద నెమ్మదిగా పోతే పది.

ఇన్సూరెన్స్ విషయంలో పాత బండి కొనేవాళ్లు గమనించనిది తరుగుదల. జీరో డిప్రిసియేషన్ (తరుగుదల కోయకుండా విడిభాగాలకి డబ్బిచ్చే పాలసీ) పాత బండ్లకి సులువుగా దొరకదు. అది లేకపోతే ప్లాస్టిక్, రబ్బరు భాగాల్లో సగం మనమే కట్టాలి. పదేళ్లు దాటిన బండికి లోహపు భాగాల్లోనూ సగం మనదే. బంపర్, హెడ్‌లైట్ పోయాయంటే ఆ సగమే ఒక చిన్న కారు డౌన్ పేమెంట్ అంత ఉంటుంది. అందుకే బండి ధరలో పదిహేను శాతం దాకా వేరే ఖాతాలో పక్కన పెట్టే కొన్నాను, దాన్ని ఇంటి ఖర్చుకి ముట్టలేదు. బ్రేక్ ఆయిల్ రెండేళ్లకోసారి, ఇంజన్ ఆయిల్ కిలోమీటర్లతో పని లేకుండా ఏటా మారుస్తాను. ఆయిల్ చూసుకోవడానికి డిప్‌స్టిక్ లేదు, డాష్‌బోర్డు తెర మీదే చూపిస్తుంది. సమంగా ఉన్న నేల మీద ఆపి చూడాలి.

ఇప్పుడు ఈ మోడల్ వెతికేవాళ్లు రిజిస్ట్రేషన్ గడువు కూడా లెక్కేసుకోండి. 2014 బండికి 15 ఏళ్లు 2029లో నిండుతాయి. అప్పుడు ఫిట్‌నెస్ చేయించి ఐదేళ్లకి రెన్యూవల్ చేయించుకోవాలి, దిగుమతి కార్లకి ఆ ఫీజే 40 వేలు. నేను అమ్మే ఉద్దేశంలో లేను, రెన్యూవల్ చేయిస్తాను. మీరు మూడు నాలుగేళ్లు నడిపి అమ్మేద్దామనుకుంటే మాత్రం ఆ సంవత్సరాన్ని బేరంలోనే మాట్లాడుకోండి.