పీయూ అని చెప్పి ఎన్‌సీ లక్కర్ పూసి పోయారు: పండగకి ఫర్నిచర్ పాలిష్ చేయించేవాళ్ళు జాగ్రత్త

ఇంటికొచ్చి చెక్క సామాను పాలిష్ చేస్తామనే ఆ యాప్ ఏదో మీకు చెప్పక్కర్లేదు. దసరా ఆఫర్లంటూ అందరి ఫోన్లలోనూ మోగిస్తున్నారు కదా, అదే. అందులో "డీప్ క్లీనింగ్ ప్లస్ ప్రీమియం పీయూ పాలిష్" అని ఒక ప్యాకేజీ ఉంది. పీయూ అంటే పాలీయురెథేన్, గట్టి రకం పాలిష్. దాని జోలికి మాత్రం పోకండి. టేకు డైనింగ్ టేబుల్, ఆరు కుర్చీలు, వెనీర్, అంటే పల్చటి చెక్క పొర, అంటించిన ఒక క్రాకరీ బీరువా వాళ్ళ చేతుల్లో పెట్టి, డబ్బు మొత్తం ముందే కట్టి, ఇప్పుడు కూర్చుని ఇది రాస్తున్నాను. చెక్క గురించి ఇంత తెలిసినదానివి యాప్‌ని ఎలా నమ్మావని అడగకండి, ఇంట్లో ఇప్పటికే అడిగారు.

మిగతా కథంతా పక్కన పెడతాను. డబ్బా దగ్గరికి వస్తాను.

ఇలాంటి పీయూ మామూలుగా రెండు డబ్బాల సరుకు. ఒకటి బేస్, ఇంకోటి హార్డ్‌నర్. డబ్బా మీద రాసిన కొలత ప్రకారం రెండూ కలిపి, వాటికి సరిపడే పీయూ థిన్నర్ పోసి, కొన్ని గంటల్లో వాడేయాలి. మిగిలిపోతే ఆ గిన్నెలోనే గట్టిపడిపోతుంది, ఇక దేనికీ పనికిరాదు. వీళ్ళు బాల్కనీలో పెట్టుకున్నది ఒకే ఒక్క డబ్బా, దాని పక్కన మామూలు థిన్నర్ క్యాను. డబ్బా చుట్టూ న్యూస్‌పేపర్ చుట్టి రబ్బర్‌బ్యాండ్ వేశారు. కారిపోకుండా అట! పేపర్ లాగి చూస్తే లేబుల్ మీద "ఎన్‌సీ క్లియర్ లక్కర్" అని ఇంతింత అక్షరాలు. పీయూ కాదు, వేరే రకం సరుకు. హార్డ్‌నర్ ఏదయ్యా అని కుర్రాణ్ణి అడిగితే నేల చూపులు చూసి, సూపర్‌వైజర్‌కి ఫోన్ కలిపి ఇచ్చాడు. ఆ మహానుభావుడు ఏమన్నాడో ఉన్నదున్నట్టు రాస్తున్నా: "మేడం, మీకు మెరుపు కావాలా, డబ్బా మీద పేరు కావాలా? ఆరిపోయాక అన్నీ ఒకటే. ఇప్పటిదాకా ఏ కస్టమరూ డబ్బా చూపించమని అడగలేదు."

అంటే అడగనివాళ్ళందరికీ ఇదే పూస్తున్నారన్నమాట. తప్పు దొరికినందుకు కంగారు లేదు సరికదా, డబ్బా చూసినందుకు నామీదే విసుగు. కుర్రాణ్ణి నేను ఏమీ అనలేదు, వాడికి ఇచ్చిన సరుకు వాడు పూశాడు. ఇచ్చినవాడికి తెలుసు ఏమిచ్చాడో.

ఆరిపోయాక అన్నీ ఒకటి కావు. ఎన్‌సీ, అంటే నైట్రోసెల్యులోజ్, అందులోని థిన్నర్ ఎగిరిపోతే మిగిలే పొర, అంతే. లోపల ఏ రసాయన మార్పూ జరగదు. అందుకే ఎన్నేళ్ళయినా మళ్ళీ థిన్నర్ తగిలితే కరుగుతుంది, వేడికి మెత్తబడుతుంది. దాని మీద పొయ్యి దించిన సాంబారు గిన్నె పెడితే తెల్లటి వలయం పడుతుంది, చేతికి రాసుకునే శానిటైజర్ చుక్క పడితే మచ్చ పడుతుంది. పీయూ అలా కాదు. బేస్‌కీ హార్డ్‌నర్‌కీ మధ్య రసాయన చర్య జరిగి అణువులన్నీ ఒకదానికొకటి ముడిపడతాయి. ముట్టుకుంటే గంటల్లోనే ఆరినట్టుంటుంది, పూర్తి గట్టిదనం రావడానికి మాత్రం వారం దాకా పడుతుంది. ఒకసారి గట్టిపడ్డాక థిన్నర్‌కీ చలించదు, వేడి కూడా చాలావరకు తట్టుకుంటుంది. రోజూ నీళ్ళు, పులుసు, వేడి గిన్నెలు పడే డైనింగ్ టేబుల్‌కి పీయూ ఎంచుకునేదే అందుకు.

ఎన్‌సీ చెడ్డదని అనడం లేదు. బీరువా తలుపులకీ, ఫోటో ఫ్రేములకీ హాయిగా సరిపోతుంది, గీత పడితే సరిచేయడం కూడా తేలిక. కానీ పీయూ ధర తీసుకుని దాన్ని పూయడాన్ని మోసం అనే అంటారు.

డబ్బా చూడకపోయినా గడియారం చూస్తే తెలిసిపోతుంది. సీలరు, అంటే చెక్క రంధ్రాలు మూసే అడుగు పూత, దాని మీద మూడు పూతలు, మొత్తం భోజనాల తర్వాత మొదలుపెట్టి సాయంత్రం టీ వేళకి ముగించేశారు. ఎన్‌సీ అయితే పది పదిహేను నిమిషాల్లో చేతికి అంటకుండా ఆరుతుంది కాబట్టి ఆ పరుగు సాధ్యం. పీయూకి పూతకీ పూతకీ మధ్య గంటలు పడుతుంది, మధ్యలో 320 నంబరు ఉప్పు కాగితంతో, అదే శాండ్‌పేపర్‌తో, తేలిగ్గా రుద్ది దుమ్ము తుడవాలి. ఒక్క పూటలో పీయూ పని పూర్తయిందని ఎవరైనా అంటే అక్కడే ఆపండి.

పైగా ఆ రోజు ముసురు. థిన్నర్ వేగంగా ఎగిరిపోయేటప్పుడు పొర చల్లబడుతుంది, గాలిలో తేమ ఎక్కువుంటే అది పొర మీదే చేరి పాలు కలిపినట్టు మసకబారుతుంది. టేబుల్ ఒక మూల సరిగ్గా అలాగే ఉంది. వాన రోజున లక్కర్ కొట్టకూడదని, తప్పకపోతే నెమ్మదిగా ఆరే రిటార్డర్ థిన్నర్ కలపాలని ఏ పాత పాలిష్ మేస్త్రిని అడిగినా చెప్తాడు. యాప్‌కి స్లాట్ బుక్ అయితే చాలు, వానతో పనేముంది.

బీరువా సంగతి ఇంకా ఘోరం. టేబుల్ కనీసం మళ్ళీ బాగుపడుతుంది, బీరువా పడదు. అది గట్టి టేకు కాదు, ప్లైవుడ్ మీద టేకు వెనీర్. ఆ వెనీర్ మందం అర మిల్లీమీటరు అటూఇటూ, అంటే దాదాపు విజిటింగ్ కార్డు అంతే. దాని మీద ముందు స్టీమ్ పెట్టారు, డీప్ క్లీనింగ్ అంటే అదేనట. వెనీర్‌ని పట్టుకుని ఉండే తెల్ల జిగురు వేడికీ తడికీ మెత్తబడుతుంది. ఆవిరి తగిలిన చోటల్లా వెనీర్ బుడగలా లేచింది. లేచినదాన్ని తడి ఆరనివ్వకుండా బాగా గరుకైన 80 నంబరు పేపర్ వేసిన మిషన్‌తో రుద్దారు. అంచుల దగ్గర వెనీర్ మొత్తం పోయి కింద ప్లై అడ్డపొర తేలింది. చారలు నిలువుగా ఉండాల్సిన చోట అడ్డంగా, రంగు పాలిపోయి కనిపిస్తుంటే దాన్ని దాచడానికి బ్రౌన్ స్టెయినర్, అంటే చెక్కకి పట్టించే రంగు, పూశారు. ఇప్పుడు బీరువా అంచులన్నీ కాటుక పెట్టినట్టున్నాయి.

వెనీర్‌కి మిషన్ వాడకూడదు. చేత్తో, చెక్కముక్కకి చుట్టిన 220 లేదా 240 పేపర్‌తో, చార వెంట మాత్రమే, పాత పాలిష్ మెరుపు చచ్చేదాకా చాలు. అంచుల దగ్గర చేతి బరువు తీసేయాలి. గట్టి టేకుకైతే 120తో మొదలుపెట్టి 180, 240 దాకా పోవచ్చు. అదీ చార వెంటే. అడ్డంగా రుద్దిన గీతలు మామూలుగా కనబడవు, స్టెయినర్ వేశాక ఒక్కొక్కటీ నల్లగా తేలుతుంది.

కుర్చీల చేతుల మీద మరో ముచ్చట. లక్కర్ అక్కడక్కడా విడిపోయి గుండ్రటి గుంటలు పడింది. ఏమిటిదని వాళ్ళని అడిగితే "చెక్క గుణం మేడం" అన్నారు. చెక్క గుణమట! అది సిలికాన్ గుణం. బజార్లో దొరికే మెరుపు స్ప్రేలు చాలావాటిలో సిలికాన్ నూనె ఉంటుంది, ఏళ్ళ తరబడి కొడితే పగుళ్ళలోంచి చెక్కలోకి దిగుతుంది. దాని మీద ఏ పాలిష్ పడినా అంటుకోక పక్కకి జరిగిపోతుంది. పని మొదలుపెట్టకముందే మినరల్ టర్పెంటైన్‌తో, ప్రతిసారీ కొత్త గుడ్డ మారుస్తూ, రెండు మూడుసార్లు తుడవాలి. పేపర్ పట్టేది ఆ తర్వాతే. ముందే పేపర్ పడితే సిలికాన్ చెక్క అంతటా పాకుతుంది. సామాను మళ్ళీ పాలిష్ చేయించే ఆలోచన ఉన్నవాళ్ళు ఆ స్ప్రేలు ఈ రోజే మానేయండి.

వెళ్తూ వెళ్తూ ఒక కార్డు ఇచ్చారు, ఇంట్లో చెక్క సంరక్షణకి ఉచిత సలహాలు. కొబ్బరి నూనెలో నిమ్మరసం కలిపి వారానికోసారి రాయాలట. కొబ్బరి నూనె ఆరే నూనె కాదు. ఎన్నాళ్ళయినా జిడ్డుగానే ఉండి దుమ్ము పట్టి, చివరికి ముక్క వాసన వేస్తుంది. ఆరే నూనె కావాలంటే అవిసె నూనె, అది కూడా పాలిష్ లేని పచ్చి చెక్కకి. పీయూ గానీ, మెలమైన్ అనే మరో రకం గట్టి పాలిష్ గానీ ఉన్న సామాను మీద ఏ నూనె రాసినా చెక్కకి చేరదు, పైపైన జిడ్డుగా ఉండిపోతుంది, అంతే. వాటికి కావలసింది పొడి మెత్తటి గుడ్డ. జిడ్డు పడితే లీటరు నీళ్ళలో రెండు మూడు చుక్కల గిన్నెల లిక్విడ్ వేసి, గుడ్డ బాగా పిండి, చార వెంట తుడిచి, వెంటనే పొడిగుడ్డ వేయాలి. ఇత్తడి పిడులుంటే విప్పి విడిగా తోముకోండి. చింతపండు చెక్క మీదకి కారితే మచ్చ పడుతుంది, పక్కన ఇనుప మేకు ఉంటే టేకు నల్లబడుతుంది కూడా. ఇల్లు తుడిచే ఫినాయిల్ నీళ్ళని కుర్చీ కాళ్ళు అడుగు నుంచి పైకి పీల్చుకుంటాయి, కాళ్ళకి రబ్బరు బుష్‌లు వేయించండి. ఏటికొప్పాక బొమ్మలు ఉన్నవాళ్ళు వాటిని శానిటైజర్‌తోనో స్పిరిట్‌తోనో తుడవకండి, వాటి మీద రంగు లక్కతో వేసింది, స్పిరిట్‌కి కరిగిపోతుంది.

ఇప్పటికే వీళ్ళతో చేయించినవాళ్ళు ఇలా పరీక్షించుకోండి. టేబుల్ అడుగున, కనబడని చోట, చెవి దూది పుల్లని స్పిరిట్‌లో ముంచి పది సెకన్లు ఆనించండి. జిగురుగా మారితే అది లక్క, అంటే ఫ్రెంచ్ పాలిష్. ఏమీ కాకపోతే పక్కన మరో చోట ఎన్‌సీ థిన్నర్‌తో అలాగే చేయండి. మెత్తబడి పుల్లకి అంటుకుంటే ఎన్‌సీ. దేనికీ కదలకపోతే పీయూ లేదా మెలమైన్. అయితే పాలిష్ చేయించి కనీసం వారం గడిచాకే చేయండి, పచ్చిగా ఉన్న పీయూ కూడా థిన్నర్‌కి మెత్తబడుతుంది. నాకు మాత్రం డబ్బా ఫోటో చాలు.

యాప్ వాళ్ళు రీఫండ్ బదులు "తర్వాతి బుకింగ్‌కి కూపన్" పంపారు. వీళ్ళని మళ్ళీ ఇంటికి పిలవడానికి కూపన్! 1915కి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేశాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. కట్టిన సొమ్ము 5 లక్షల లోపు అయితే ఫీజు ఉండదు, రెండేళ్ళలోపు వేయాలి. బుకింగ్ స్క్రీన్‌షాట్‌లో "పీయూ" అన్న మాట, బిల్లు, డబ్బా లేబుల్ ఫోటో, పనికి ముందూ తర్వాతా ఫోటోలు దాచుకోండి.

ఇంకా చేయించనివాళ్ళకి రెండు మాటలే. సీల్ విప్పని బేస్, హార్డ్‌నర్ డబ్బాలు రెండూ మీ ముందే తెరవమనండి, సగం డబ్బు పని అయ్యాకే ఇవ్వండి.

నాలాగా ఇరుక్కున్నవాళ్ళు, ఎన్‌సీ కాబట్టి గట్టి చెక్క మీద నుంచి తీయడం కష్టం కాదు. థిన్నర్‌లో ముంచిన పాత నూలుగుడ్డతో ఒక్కో అడుగు మేర నానబెట్టి, మెత్తబడగానే చార వెంట తుడిచేయడమే. గుడ్డ నల్లబడ్డప్పుడల్లా పారేసి కొత్తది తీసుకోండి, లేకపోతే ఆ రంగంతా మళ్ళీ చెక్కకే పడుతుంది. వెనీర్ పోయిన బీరువా అంచులకి మాత్రం సన్నటి టేకు పట్టీ కొట్టించడం తప్ప దారి లేదు. థిన్నర్ పని మొదలుపెట్టే ముందు కిటికీలన్నీ తెరిచి, గ్యాస్ పొయ్యి, దేవుడి గదిలో దీపం ఆర్పేయండి. తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి చెత్తబుట్టలో వేయకుండా ఆరుబయట విడివిడిగా పరిచి ఆరాకే పారేయండి. తర్వాత అవిసె నూనె రాసేవాళ్ళు ఆ గుడ్డల విషయంలో ఇంకా జాగ్రత్త. ఆ నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, గుడ్డల్ని ఉండచుట్టి పెడితే అగ్గిపుల్ల లేకుండానే అంటుకోవచ్చు. నీళ్ళ బకెట్‌లో ముంచి ఉంచండి.