ఎవరికి కేకలెయ్యాలో కూడా వాళ్లే చెబుతారా?

మూవ్స్, టైటిళ్ల గురించి రాయను, డబ్ల్యూడబ్ల్యూఈ (గెలుపోటములు కంపెనీయే ముందు రాసిపెట్టే అమెరికా కుస్తీ షో) చూసేవాళ్లకు అవన్నీ తెలిసినవే. చిన్నప్పటి నుంచి చూస్తున్నా, నా గొడవ మాత్రం ఒక్కటే. ఎవరిని నెత్తిన పెట్టుకోవాలో కంపెనీయే ముందు తేల్చేసి, తర్వాత మన నోటితో అనిపించాలని చూస్తుంది.

2015 జనవరి, ఫిలడెల్ఫియా రాయల్ రంబుల్ గుర్తుందా? ఒక్కొక్కరే రింగులోకి దిగుతూ, ఒకర్నొకరు బయటికి విసిరేసుకునే మ్యాచ్ అది. జనానికి కావాల్సింది డేనియల్ బ్రయాన్. కంపెనీకి కావాల్సింది రోమన్ రైన్స్. మెడ ఆపరేషన్ అయి తిరిగొచ్చిన బ్రయాన్ పదో నంబర్‌లో దిగాడు, కాసేపటికే బయటపడ్డాడు. అంతే, హాలంతా తిరగబడింది. రైన్స్ రింగులోకి రాగానే బూ అంటూ ఛీత్కారాలు. చివర్లో కేన్, బిగ్ షో అనే రెజ్లర్లు కలిసి అతన్ని కొడుతుంటే, ఒకప్పటి రెజ్లర్, ఇప్పటి సినిమా హీరో ది రాక్ వచ్చి కాపాడాడు. లెక్క తెలిసిపోతూనే ఉంది. రాక్‌ని చూస్తే ఎవరైనా ఊగిపోతారు, ఆ ఊపులో కొంచెం రైన్స్‌కూ దక్కుతుంది. రాక్ వచ్చినప్పుడు నిజంగానే హోరెత్తింది. కానీ రైన్స్ గెలిచాక రాక్ అతని చెయ్యి పట్టుకుని పైకెత్తాడు చూడండి, రాక్‌కీ కలిపి బూ కొట్టారు! ఆయన ముఖం చూసి తీరాలి. అరువు ఎలివేషన్‌కి అంతకంటే పెద్ద దెబ్బ నేను చూడలేదు.

అయినా వినలేదు. 2017లో జనం ఎంతో అభిమానించే సీనియర్ అండర్‌టేకర్‌ని ఓడించిన మర్నాడు రైన్స్ మైకు పట్టుకుంటే చాలాసేపు నోరు తెరవనివ్వలేదు. చివరికి ఇక ఇది నా అడ్డా అని ఒక్క ముక్క చెప్పి వెళ్లిపోయాడు. అతని మీద నాకు మొదటిసారి ఇష్టం కలిగింది అప్పుడే. విలన్‌గా ఎంత బాగుంటాడో అక్కడే తెలిసిపోయింది, కంపెనీకి తెలియడానికి ఇంకో మూడేళ్లు పట్టింది.

2020 ఆగస్టులో మేనేజర్‌గా పాల్ హేమన్‌ని పక్కన పెట్టుకుని రైన్స్ విలన్‌గా వచ్చిన కథను కనిపించిన ప్రతివాడికీ చూడమని చెప్పాను. ఇప్పటికీ చెబుతా. కాకపోతే మొదటి ఏడాది దాదాపు అంతా థండర్‌డోమ్ అనే ప్రేక్షకులు లేని ఏర్పాటులోనే నడిచింది. చుట్టూ తెరల మీద ముఖాలు, స్పీకర్లలో రికార్డు చేసిన కేకలు. బూ ఎప్పుడు పడాలో సౌండ్ బటన్ దగ్గరున్నవాళ్ల ఇష్టం. మెచ్చుకున్నదాంట్లో ఎంత అతని గొప్ప, ఎంత ఆ బటన్ గొప్ప అని అనుమానం. 2021 జూలైలో జనం తిరిగొచ్చాకా అతను నిలబడ్డాడు, అది ఒప్పుకోవాలి. అతను ఛాంపియన్‌గా ఉన్న 1,316 రోజుల్లో చివరి ఏడాది మాత్రం సాగదీతే.

2024లో రైన్స్‌తో టైటిల్ మ్యాచ్‌లో, జనానికి కావాల్సిన కోడీ రోడ్స్ చోటు రాక్‌కి ఇవ్వబోతే అభిమానులు గోల చేశారు. ఈసారి కంపెనీ దిగొచ్చింది. ఏప్రిల్‌లో అదే ఫిలడెల్ఫియాలో రైన్స్ మీద కోడీ గెలిచాడు.

చూడొచ్చా అంటే, నేను తెల్లవారుజామున లేచి లైవ్ చూసేవాణ్ణి కాదు. ఆఫీసు నుంచి వచ్చాక సోది భాగాలు దాటేస్తూ చూస్తా. మా ఇంట్లో నెట్‌ఫ్లిక్స్ ఎలాగూ ఉంది కాబట్టి సరిపోతోంది. కేవలం దీనికోసమే డబ్బు కట్టమంటే మాత్రం కొంచెం ఆలోచిస్తా.