బాఖ్‌మన్ పుట్టిన ఊళ్ళో రెండు రోజులు

ఆస్ట్రియా కవయిత్రి, నవలా రచయిత్రి ఇంగెబోర్గ్ బాఖ్‌మన్ కోసమే 2023 జూన్ చివరి వారంలో ఆ దేశం వెళ్ళిన మేమిద్దరం వియన్నాకు మూడు రోజులు, ఆమె పుట్టిన క్లాగెన్‌ఫుర్ట్‌కు రెండు రోజులు కేటాయించుకున్నాము. ఆ లెక్క తిరగేసుకొని ఉండవలసింది.

వియన్నాలో ఆమె తత్వశాస్త్రంలో డాక్టరేట్ పొందారు, రేడియోలో పనిచేశారు. 1971లో వచ్చిన ‘మాలినా’ నవలలో కథానాయిక నివసించే ఉంగార్‌గాసె వీధి ఇప్పటికీ ఉంది కానీ, ఆరో నంబరు ముందు నిలబడితే మూసిన తలుపు, వచ్చిపోయే వాహనాలు తప్ప కనిపించేదేమీ లేదు. నవల చదవనివారు అందుకోసం ఒక పూట పోగొట్టుకోనక్కరలేదు.

క్లాగెన్‌ఫుర్ట్‌కు రైలులో దాదాపు నాలుగు గంటలు పట్టింది. 1854లో తెరిచిన సెమ్మెరింగ్ కొండదారి మీదుగా సాగే ఆ ప్రయాణానికి కిటికీ పక్క సీటు ముందే రిజర్వు చేసుకోవడం మంచిది. ఇబ్బందల్లా బసతోనే. 1977 నుంచి ఆమె పేరిట జరుగుతున్న సాహిత్య పోటీ అదే వారం కావడంతో గది దొరకడమే కష్టమైంది. దొరికిన లాడ్జిలో సాయంత్రానికే రిసెప్షన్ మూసేశారు, తాళం సంగతి చెప్పే సందేశం మాకు అందలేదు, సామానుతో ముప్పావు గంట మెట్ల మీదే కూర్చున్నాము. గది మాత్రం శుభ్రంగా ఉంది.

స్టేషన్ ఎదుటే, ఆస్ట్రియా నవలా రచయిత రాబర్ట్ ముసిల్ పుట్టిన ఇంట్లో ఉన్న సాహిత్య మ్యూజియంలో బాఖ్‌మన్‌కు కేటాయించిన భాగం తప్పక చూడవలసినది. ఆమె పెరిగిన హెన్సెల్ వీధి 26వ నంబరు ఇల్లు 2025లో మ్యూజియంగా తెరుచుకుంది గాని, మేము బయటి నుంచే చూశాము. హిట్లర్ సైన్యం ఈ ఊళ్ళోకి కవాతు చేస్తూ వచ్చిన క్షణమే తన బాల్యాన్ని ముక్కలు చేసిందని ఆమె తరువాతి కాలంలో చెప్పారు. అప్పటికి ఆమెకు పన్నెండేళ్ళు నిండలేదు. తండ్రి 1932లోనే నాజీ పార్టీలో చేరినవాడు. ఈ రెండు సంగతులూ ఒకే ఇంటివని ఆ గేటు ముందు నిలబడి తలచుకున్నప్పుడు, యుద్ధం ముగిశాక కూడా ఆమె రచనల్లో హింస ఇళ్ళ లోపల ఎందుకు కొనసాగుతుందో నాకు మొదటిసారి బోధపడింది.

శాకాహారులకు అక్కడి కాస్‌నుడెల్న్ హాయైన భోజనం. పాలవిరుగుడు, బంగాళాదుంప, పుదీనా కూరి ఉడికించి, పైన కాచిన వెన్న పోస్తారు. వేళ్ళతో అల్లినట్టు మడిచిన అంచు అచ్చం మన కజ్జికాయదే.

రోమ్‌లో తన ఫ్లాట్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో గాయపడి 1973 అక్టోబర్ 17న, 47 ఏళ్ళకే మరణించిన ఆమెను ఇక్కడి అన్నాబిఖ్ల్ శ్మశానవాటికలో సమాధి చేశారు. సిటీ బస్సులో వెళ్ళవచ్చు. మేము రెండో రోజు సాయంత్రం వెళ్ళాము; మొదటి రోజే వెళ్ళి ఉంటే, మర్నాడు మరొకసారి వెళ్ళగలిగేవాళ్ళం.