న్యూ మార్కెట్‌లో నహూమ్స్: కేకుల దుకాణంలో మిగిలిన కోల్‌కతా యూదుల చరిత్ర

కోల్‌కతా న్యూ మార్కెట్‌లో 1916 నుంచి ఉన్న నహూమ్ అండ్ సన్స్ బేకరీకి చాలామంది ప్లమ్ కేకు కోసం వెళతారు. మొదటిసారి నేనూ అందుకే వెళ్ళాను. రెండోసారి, గత చలికాలంలో, ఆ కేకులు చేయడం మొదలుపెట్టిన మనుషులు ఎవరో, వాళ్ళ ఆనవాళ్ళు ఆ నగరంలో ఎంతవరకు నిలిచి ఉన్నాయో చూడాలని నాలుగు రోజులు అక్కడే ఉన్నాను. అందువల్ల ఇది బేకరీ సమీక్షే అయినా బేకరీ గుమ్మం దగ్గర ఆగదు. ఈ దుకాణాన్నీ, అక్కడికి కాస్త దూరంలో ఉన్న యూదుల ప్రార్థనా మందిరాలైన సినగాగులనూ కలిపి చూసినవారికే రెండూ పూర్తిగా అర్థమవుతాయని నా నమ్మకం.

బాగ్దాద్ మూలాలున్న యూదుడు నహూమ్ ఇజ్రాయెల్ మొర్దెకై 1902లో ఈ వ్యాపారం ప్రారంభించారు. మొదట్లో దుకాణం లేదు. ఇంట్లో చేసిన రొట్టెలను, తినుబండారాలను ఇంటింటికీ తిరిగి అమ్మేవారు. పద్నాలుగేళ్ళ తర్వాత, అప్పటికి హాగ్ మార్కెట్ అని పిలిచే న్యూ మార్కెట్‌లో స్థలం తీసుకున్నారు. ఆయన తర్వాత కుమారుడు, ఆ తర్వాత మనవలు దీన్ని నడిపారు. మనవల్లో డేవిడ్ నహూమ్ 2013లో మరణించే వరకు ఈ దుకాణానికే కాక, తరిగిపోతున్న యూదు సమాజానికి కూడా పెద్దదిక్కుగా ఉన్నారు. ఒకప్పుడు నగరంలోని సినగాగులను చూడాలనుకున్న సందర్శకులు అనుమతి చీటీ కోసం ఈ బేకరీకే రావలసి వచ్చేది. ప్రార్థనా మందిరంలోకి వెళ్ళే దారి కేకుల దుకాణంలోనుంచి ఉండేదన్న ఈ ఒక్క సంగతి చాలు, ఆ సమాజం ఎంత చిన్నదైపోయిందో, ఆ చిన్న సమాజంలో ఈ దుకాణానికి ఎంత చోటుందో తెలియడానికి.

లోపలికి అడుగుపెడితే కాలం చూసిన కలప, అద్దాల అలమరలు, వాటిలో వరుసగా పేర్చిన పళ్ళేలు కనిపిస్తాయి. హంగు ఏమీ లేదు. సాయంత్రం పూట జనం మూడు నాలుగు వరుసల్లో నిలబడి, అద్దం మీద వేలు ఆనించి, తమకు కావలసినదాన్ని చూపిస్తూ ఉంటారు. వాళ్ళలో బెంగాలీ హిందువులున్నారు, ముస్లిములున్నారు, క్రిస్మస్ సరుకులు కొనడానికి వచ్చిన ఆంగ్లో ఇండియన్ కుటుంబాలున్నాయి. పనివాళ్ళలో యూదులు లేరు; వంటకాలు మాత్రం ఆ ఇంటివే.

నేను ప్రత్యేకంగా చెప్పదలచింది చీజ్ సమోసా గురించి. పేరు విని మన బజారు సమోసాను ఊహించుకుంటే పొరపాటు. బాగ్దాదీ యూదుల ఇళ్ళలో దీన్ని సంబూసక్ అంటారు. వారి సంప్రదాయంలో ఇది అర్ధచంద్రాకారంలో, అంచు నొక్కి మూసి ఉంటుంది. కజ్జికాయ చేయడం చూసిన తెలుగువారికి ఆ ఆకారం వేరే చెప్పనక్కరలేదు. పైపొర నోట్లో పొడిపొడిగా విడిపోతుంది, లోపలి చీజ్ ఉప్పగా ఉంటుంది, కారం అసలు ఉండదు. మొదటి ముక్క కొంత చప్పగా అనిపించింది. మసాలాకు అలవాటు పడిన నాలుకకు అది సహజమే. రెండోది తింటున్నప్పుడు మాత్రం ఆ ఉప్పదనం, వెన్నదనం ఒకదానికొకటి ఎంత కుదురుగా అమరాయో తెలిసింది. ఇలాంటి తినుబండారం పశ్చిమాసియాలో అనేక పేర్లతో ఉంది. హైదరాబాద్ పెళ్ళి విందుల్లో వడ్డించే లుక్మీకి కూడా ఇది దూరపు చుట్టమే అనిపిస్తుంది. బాగ్దాద్ నుంచి బయలుదేరిన ఒక వంటకం బస్రా, బొంబాయి రేవుల మీదుగా హుగ్లీ ఒడ్డుకు చేరి, దాన్ని మోసుకొచ్చిన కుటుంబాలు వెళ్ళిపోయాక కూడా నిలిచిందంటే, ఇంతకన్న గట్టి చారిత్రక ఆధారం మరొకటి అడగనక్కరలేదు.

ప్లమ్ కేకు ముదురు రంగులో, బరువుగా, ఎండుపండ్లతో నిండుగా ఉంటుంది. పైన క్రీము లేదు, అలంకరణ లేదు. దానికి వచ్చిన కీర్తి న్యాయమైనదే. శుక్రవారం నాడు హల్లా అనే జడరొట్టె దొరుకుతుంది. యూదులకు శుక్రవారం సూర్యాస్తమయంతో విశ్రాంతి దినం మొదలవుతుంది. ఆ రాత్రి భోజనాల బల్ల మీద ఉండవలసిన రొట్టె ఇది. కోల్‌కతాలో ఇప్పుడు ఆ బల్ల చుట్టూ కూర్చునేవారు పాతిక ముప్పైమందికి మించరు. అయినా ఆ రొట్టె ఆ రోజునే కాలడం నన్ను కదిలించింది. క్యాలెండరును ఇంత నమ్మకంగా పాటించే పొయ్యి కూడా ఒక చరిత్రకారుడే.

ఆ పాతిక ముప్పై వెనుక ఎంత పెద్ద సంఖ్య ఉండేదో తెలిస్తేనే ఈ మాట బరువు తెలుస్తుంది. అలెప్పోలో పుట్టిన షాలోమ్ కోహెన్ సూరత్ మీదుగా 1798లో కలకత్తా చేరడంతో ఇక్కడి యూదు సమాజ చరిత్ర ప్రారంభమవుతుంది. ఆయన వెనుక బాగ్దాద్ నుంచి, ఇతర అరబ్బు నగరాల నుంచి కుటుంబాలు వచ్చాయి. నీలిమందు, పట్టు, నల్లమందు వ్యాపారాల్లో, ఆ తర్వాత స్థిరాస్తుల్లో, జనపనార మిల్లుల్లో వారు సంపాదించారు. నల్లమందు మాటను ఇక్కడ దాచిపెట్టకూడదు; చైనాకు సాగిన ఆ ఎగుమతి లేకుండా ఆనాటి కలకత్తా సంపన్న కుటుంబాల చరిత్ర, యూదులదైనా కాకున్నా, పూర్తి కాదు. ఇంట్లో మాట్లాడిన అరబ్బీని హీబ్రూ లిపిలో అచ్చువేసిన వార్తాపత్రికలు పంతొమ్మిదో శతాబ్దంలో ఈ నగరం నుంచే వెలువడ్డాయి. 1942లో జపాను సేనలు బర్మాను ఆక్రమించినప్పుడు రంగూన్ యూదులు ఇక్కడికే శరణుకోరి వచ్చారు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో ఈ సమాజం దాదాపు ఐదు వేలకు చేరింది. స్వాతంత్ర్యం, దేశవిభజన, 1948లో ఇజ్రాయెల్ ఏర్పాటు వెంటవెంటనే వచ్చాక కుటుంబాలు లండన్‌కు, ఇజ్రాయెల్‌కు, ఆస్ట్రేలియాకు, అమెరికాకు వెళ్ళిపోయాయి. ఇక్కడ గమనించవలసింది ఒకటుంది: ఈ దేశంలో వారిని ఎవరూ తరమలేదు. వేధింపులు లేని చోటునుంచి కూడా ఒక సమాజం వెళ్ళిపోవచ్చునని, అప్పుడు దాని జ్ఞాపకాలను కాపాడే బాధ్యత ఉండిపోయిన పొరుగువారి మీద పడుతుందని కోల్‌కతా చూపిస్తోంది.

ఆ పొరుగువారిని చూడాలంటే బడాబజారు వైపు, బ్రబోర్న్ రోడ్డుకు వెళ్ళాలి. అక్కడి మాగెన్ డేవిడ్ సినగాగును 1884లో ఎలియాస్ డేవిడ్ ఎజ్రా తన తండ్రి డేవిడ్ జోసెఫ్ ఎజ్రా స్మృత్యర్థం కట్టించారు. ఎర్ర ఇటుకల గోడలు, ఎత్తైన గోపురశిఖరం చూసి అది చర్చి అనుకోవడం సులభం. నడక యాత్ర పేరుతో మమ్మల్ని తిప్పిన ఒక గైడు నిజంగానే దాన్ని బ్రిటిష్ వారి పాత చర్చి అని చెప్పి ముందుకు సాగిపోయాడు. ఆ పూట నాకు కోపం కంటే భయం ఎక్కువ కలిగింది. ఒక భవనం నిలిచి ఉండగానే దాని పేరు పోవడం ఇంత తేలికా అనిపించింది. మరునాడు నేను ఒంటరిగా తిరిగి వెళ్ళాను.

లోపల నలుపు తెలుపు చదరాల పాలరాతి నేల, రంగుటద్దాల కిటికీలు, పైనుంచి వేలాడే దీపగుచ్ఛాలు, మధ్యలో యూదుల పవిత్ర గ్రంథమైన తోరాను చదివే వేదిక, ఎదురుగా నక్షత్రాలు చిత్రించిన అర్ధగోపురం కింద గ్రంథపుచుట్టలను ఉంచే గర్భస్థానం ఉన్నాయి. తెలుగు బైబిలు చదివినవారికి సమాజమందిరము అన్న మాట తెలుసు; ఆ మాటకు ఒక గది, ఒక వెలుగు, ఒక నిశ్శబ్దం నాకు ఇక్కడ దొరికాయి. సామూహిక ప్రార్థనకు కనీసం పదిమంది వయోజన పురుషులుండాలని సంప్రదాయం. ఆ పదిమంది లేక ఇక్కడ క్రమం తప్పని ప్రార్థనలు ఆగిపోయి దశాబ్దాలైంది. మందిరాన్ని తుడిచి, దీపాలు చూసి, వచ్చినవారికి తలుపు తీసేది ఒడిశా నుంచి వచ్చిన ముస్లిం కుటుంబాలవారు. ఈ పని వారికి తరతరాలుగా వస్తోంది. టోపీ ఇచ్చి తల కప్పుకోమని చెప్పిన పెద్దాయన, తోరా చుట్టలను ఎలా నిలబెడతారో, ఏ వైపు ఎవరు కూర్చునేవారో, తన తండ్రి దగ్గర నేర్చుకున్న వరుసలోనే నాకు వివరించారు. నా ప్రయాణం మొత్తంలో నేను అందుకున్న ఉత్తమమైన సేవ అదే.

పక్కనే నెవే షాలోమ్ ఉంది. ఇది నగరంలో అన్నిటికంటే పాత సినగాగు పేరును మోస్తున్న తర్వాతి కట్టడం. పొలాక్ స్ట్రీట్‌లోని బెత్ ఎల్ 1856 నాటిది. మాగెన్ డేవిడ్, బెత్ ఎల్ రెండూ భారత పురావస్తు సర్వేక్షణ శాఖ రక్షణలో ఉన్నాయి. మరమ్మతులు జరిగాక 2017 డిసెంబరులో వాటిని తిరిగి తెరిచారు. పని శ్రద్ధగా జరిగింది.

అయితే గోడలు బాగుపడినంత మాత్రాన మనుషులు గుర్తుండరు. 1971లో ఢాకాలో పాకిస్తాన్ సేనల లొంగుబాటు చర్చలు నడిపిన లెఫ్టినెంట్ జనరల్ జె.ఎఫ్.ఆర్. జాకబ్ ఈ సమాజంలో పుట్టినవారే. 1947లో మొదటి మిస్ ఇండియాగా ఎంపికైన ప్రమీల, అసలు పేరు ఎస్తేర్ విక్టోరియా అబ్రహామ్, ఇక్కడి అమ్మాయే. 1881లో యూదు బాలికల కోసం పెట్టిన పాఠశాల నేడు పార్క్ స్ట్రీట్‌లో నడుస్తోంది. విద్యార్థినుల్లో అత్యధికులు ముస్లిం బాలికలు. ఇవేవీ సినగాగు గోడల మీదా కేకు డబ్బా మీదా కనిపించేవి కావు. ఆ లోటును చాలావరకు తీర్చింది ఈ సమాజంలోనే పుట్టిన జేల్ సిలిమాన్ కూర్చిన డిజిటల్ భాండాగారం. కుటుంబాల ఫొటోలు, ఉత్తరాలు, జ్ఞాపకాలు అందులో ఉన్నాయి. కోల్‌కతా వెళ్ళేముందు ఒక సాయంత్రం దాన్ని తిరగేసి వెళ్ళండి. పెళ్ళి ఫొటోల్లో కనిపించిన అదే వేదిక ముందు నిలబడ్డప్పుడు ఖాళీ బల్లలు ఖాళీగా కనిపించవు.

తెలుగువారు ఇది తమకు దూరపు సంగతి అనుకోనక్కరలేదు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిము పేరుతో యూదు ఆచారాలు పాటించే తెలుగు కుటుంబాలు ఉన్నాయి, వారికొక చిన్న సినగాగు ఉంది. బాగ్దాదీలకూ వారికీ చారిత్రక బంధమేమీ లేదు. కానీ ఒక చిన్న సమాజం తన కథను ఎవరు, ఏ భాషలో రాసి ఉంచాలన్న ప్రశ్న రెండు చోట్లా ఒకటే, ఇక్కడ ఆ భాష మనది.

మళ్ళీ బేకరీ దగ్గరికి వస్తాను. తినుబండారాల దుకాణంగా నహూమ్స్‌ను నేను నిస్సందేహంగా సిఫారసు చేస్తాను. చీజ్ సమోసా, ప్లమ్ కేకు తప్పనిసరి. నిమ్మ టార్టు బాగుంటుంది. మిగతావి మీ ఇష్టం. డిసెంబరు చివరి వారంలో వరుస మార్కెట్ నడవల్లోకి సాగుతుంది గనుక తీరిగ్గా చూడాలనుకునేవారు ఆ వారం వెళ్ళవద్దు. సికింద్రాబాద్ నుంచి ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్‌లో హౌరాలో దిగితే, వంతెన దాటి బ్రబోర్న్ రోడ్డుకు చేరడం తేలిక. సినగాగులు ముందు, న్యూ మార్కెట్ తర్వాత అన్న వరుస కాళ్ళకు సుఖం. గుర్తింపు కార్డు వెంట ఉంచుకోండి, తల కప్పుకోవడానికి ఒక రుమాలు కూడా. శనివారం విశ్రాంతి దినం కాబట్టి ఆ రోజు సినగాగులు పెట్టుకోకండి. శుక్రవారం అయితే ఉదయం మందిరాలు చూసి, మధ్యాహ్నానికి బేకరీ చేరి, హల్లా ఉందా అని అడగండి. నేను కొన్న రొట్టెను ఆ సాయంత్రం సూర్యుడు అస్తమించాక, హోటల్ గదిలో, ఉప్పు అద్దుకుని తిన్నాను. అలా తినాలని మాగెన్ డేవిడ్‌లో తలుపు తీసిన పెద్దాయన చెప్పారు.