టెడ్ కట్టిన వల: తాబేలుతో పేచీ లేదు, చెత్తతోనే

రొయ్యల కోసం అడుగు వల లాగే బోటుకు టెడ్ (వలలో పడ్డ తాబేలు బయటికి పోయేలా వల లోపల కట్టే కడ్డీల చట్రం) ఉండాలన్నది మన రాష్ట్రంలో ఎప్పటినుంచో ఉన్న నిబంధనే. కాకినాడ నుంచి వేటకు వెళ్లే మా బోటులో కొన్నేళ్లుగా స్టీలు చట్రం టెడ్ కట్టే లాగుతున్నాం.

తాబేళ్ల విషయంలో వంక పెట్టడానికి లేదు. గుడ్ల కాలంలో ఒడ్డు వైపు వచ్చే తాబేలు వలలో పడినా, ఏటవాలు కడ్డీల మీదుగా జారి, పైనున్న మూత తోసుకుని పోతోంది. మునుపు వల చివరనుండే సంచి విప్పితే రొయ్యల మీద తాబేలు కనిపించేది, కేసు అవుతుందేమోనని టెన్షన్. ఇప్పుడది లేదు. పెద్ద టేకు చేపలు కూడా బయటికే పోతున్నాయి కాబట్టి రొయ్య నలగడం లేదు.

నా గొడవంతా గోదావరి వరద రోజులతోనే. వరద నీరు సముద్రంలో కలిశాకే మాకు రొయ్య బాగా పడుతుంది. ఆ నీటితోనే గుర్రపుడెక్క, కొబ్బరి మట్టలు, ప్లాస్టిక్ కవర్లు, పాత చీరలు కూడా దిగుతాయి. అలాంటి ఒక ఆగస్టులో తెల్లవారకముందే వల దించి మూడు గంటల పైనే లాగాం. రోపు బిగువు చూసి బోటు నడిపే మా తండేలు, "ఈసారి భలే బరువుందండీ" అన్నాడు. వించి తిప్పి పైకి తెస్తే బరువంతా చట్రం దగ్గరే ఉంది. కడ్డీలకు అడ్డంగా ఒక మట్ట ఇరుక్కుంది, దానికి గుర్రపుడెక్క చుట్టుకుంది, ఆ మీద కవర్లు. మూత తెరుచుకునే ఉండిపోయింది. లోపలికి దారి లేక రొయ్య మొత్తం పైనుంచి వెళ్లిపోయింది. సంచిలో కూరకు సరిపడా మాత్రం మిగిలింది. కత్తులతో కోసి ఆ చెత్త వదిలించేసరికి ఎండెక్కింది. టెడ్ లేకుండా మా పక్కనే లాగిన బోటు చెత్తతో పాటు రొయ్య కూడా తెచ్చుకుంది. "ఈ జాలీ విప్పేద్దామండీ" అని కలాసీలు అడిగితే వాళ్లనేమనగలను?

విప్పలేదు. కానీ అప్పటినుంచి ఎర్రనీళ్లు కనిపిస్తే గంటకోసారి వల తీసి చూస్తున్నాం. డీజిల్ ఖర్చు, ఒళ్లు నొప్పులు రెండూ పెరిగాయి. టేకులు పోతున్నాయని ఇందాక సంబరంగా చెప్పాను గానీ, రొయ్య పడని రోజు అవే మాకు ఖర్చులు వెళ్లదీసేవి.

ఇంకో మాట. టెడ్ సరిగా వాడడం లేదన్న కారణంతోనే 2019 నుంచి అమెరికా మన సముద్రపు రొయ్యను తీసుకోవడం లేదు, చెరువు రొయ్యకు ఆ అడ్డు లేదు. నేనొక్కణ్ణి కట్టుకున్నంత మాత్రాన నా రొయ్యకు ఆ బజారు తెరుచుకోదు కదా.

వరద చెత్త రాని చోట లాగేవాళ్లయితే నిశ్చింతగా కట్టుకోవచ్చు. మాలా నదీముఖం ఎదురుగా లాగేవాళ్లు ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో రోజుకు ఎంత డీజిల్ అదనంగా కాల్చగలరో ముందు చూసుకోండి. నా బోటుకు అప్పు తీరిపోయింది కాబట్టి నెట్టుకొస్తున్నాను.