పెద్ద జబ్బు సంగతి మనిషికి చెప్పడం మేలా, దాచడం మేలా?

బయాప్సీ రిపోర్టు చేతికి రాగానే బావ దాన్ని నాలుగు మడతలు పెట్టి స్కూటర్ డిక్కీలో దాచాడు. మా మేనత్త వరండాలో బల్ల మీద కూర్చుని ఉంది. "ఏమన్నార్రా?" అని అడిగింది. "ఉత్త గడ్డేనంట అత్తయ్యా, మందులతో కరిగిపోద్దంట" అన్నాను. అంత గబుక్కున అబద్ధం ఆడగలనని అప్పటిదాకా నాకే తెలీదు.

మన ఇళ్లలో ఇది మామూలే. క్యాన్సర్ అని తేలగానే కొడుకునో అల్లుణ్ణో పక్కకి పిలిచి చెబుతారు. అసలు మనిషికి చెప్పరు. "తట్టుకోలేదు", "ధైర్యం చెడితే మందు కూడా పనిచెయ్యదు" అంటారు. ఆ మాటల్లో ఉన్నది ప్రేమే, నేను కాదనను. మనమొక్కళ్లమే ఇలా చేశామనుకోకండి. 1961లో అమెరికాలో, షికాగోలోని ఒక ఆసుపత్రి డాక్టర్లని అడిగితే, నూటికి దాదాపు 90 మంది క్యాన్సర్ అని రోగికి చెప్పకపోవడానికే మొగ్గు చూపారు. 1979లో అదే దేశంలో ఇంకో ఊళ్లో అదే ప్రశ్న వేస్తే 97 మంది చెబుతామన్నారు. ఆ రెంటి మధ్య పద్దెనిమిదేళ్లలో వైద్యం మెరుగైంది, రోగికి తెలియకుండా వైద్యం చెయ్యకూడదన్న ఆలోచనా బలపడింది.

దాచడంలో ఉన్న సుఖం మొదటి వారమే. ఆ తర్వాత ఒక అబద్ధాన్ని నిలబెట్టడానికి పది కావాలి. ముందు గేటు మీద క్యాన్సర్ ఆసుపత్రి అని పెద్ద బోర్డు ఉందని అత్తయ్యని రోజూ వెనక గేటు నుంచి తీసుకెళ్లేవాళ్లం. కీమోని, అంటే క్యాన్సర్‌కి ఎక్కించే మందుని, బలానికి ఎక్కించే సెలైన్ అన్నాం. మూడో వారానికి దువ్వెనలో జుట్టు కుచ్చులు కుచ్చులుగా వచ్చింది. ఆ రోజే పక్క మంచం ఆవిడ "నీకిది ఎన్నో కీమో అమ్మా?" అని అడిగింది. అత్తయ్య మా వైపు చూడలేదు. మెల్లగా కిటికీ వైపు తిరిగి పడుకుంది. ఆ తర్వాత మాతో జబ్బు మాటే ఎత్తలేదు. ఆవిడ భయపడకూడదని మేం దాచాం. మేం బాధపడకూడదని ఆవిడా దాచింది. ఒకే గదిలో ఉండి ఎవరి ఏడుపు వాళ్లం విడివిడిగా ఏడ్చాం.

ఇంతకన్నా పెద్ద నష్టం ఇంకొకటి ఉంది. అత్తయ్యకి తన చెల్లెలితో పొలం గట్టు దగ్గర తగాదా వచ్చి ఆరేళ్లుగా మాటల్లేవు. "సంక్రాంతికి ఇంటికెళ్లాక నేనే వెళ్లి పలకరిస్తాలే" అనేది. ఆ సంక్రాంతి మీద మాకు ఆశ లేదు, కానీ ఆ మాట ఆవిడతో ఎలా అంటాం? చివరికి చెల్లెలు పరిగెత్తుకొచ్చేసరికి అత్తయ్య మనుషుల్ని గుర్తుపట్టే స్థితిలో లేదు. మేం దాచింది జబ్బునొక్కదాన్నే కాదు, ఆవిడ చేతిలో మిగిలిన రోజుల లెక్కని కూడా.

కాగితాల మీద సంతకాలన్నీ బావే పెట్టాడు. అదీ తప్పే. 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చింది. పరీక్ష కోసం మత్తు ఇచ్చిన సమీరాకి, ఆవిడ తల్లి ఒప్పుకుందని గర్భసంచి తీసేశారు. అత్యవసరం కానప్పుడు, తన సంగతి తాను నిర్ణయించుకోగల వయసొచ్చిన మనిషి కాసేపు మత్తులో ఉన్నా సరే, ఆ మనిషి తరఫున తల్లి ఒప్పుకుంటే చెల్లదని కోర్టు చెప్పింది. తన జబ్బేమిటో తెలియని మనిషి వైద్యానికి ఒప్పుకోవడం అనే మాటకి అర్థమే లేదు కదా.

అలాగని ఉన్నదంతా ఒక్కసారి మొహాన చెప్పేయడం మేలా? అదీ చూశాను. ఓపీలో నలుగురి ముందు, ఫైల్లోంచి తలెత్తకుండా "నాలుగో స్టేజీ అండీ" అన్న డాక్టరుగారు చెప్పింది నిజమే. కానీ ఆ మాట తర్వాత ఆయన చెప్పిన మందులు, తేదీలు ఏవీ ఆ మనిషి చెవికెక్కలేదు. నిజం చెప్పినంత మాత్రాన చెప్పాల్సింది చేరినట్టు కాదు.

నా మటుకు మూడో దారే మేలు. ముందు అడగాలి. 2000లో డాక్టర్ల కోసం స్పైక్స్ అనే ఆరు మెట్ల పద్ధతి వచ్చింది. మనిషిని చాటుగా కూర్చోబెట్టాక, నోరు విప్పి జబ్బు పేరు చెప్పకముందే రెండు ప్రశ్నలు వెయ్యమంటుంది: "మీకేమైందనుకుంటున్నారు?", "ఎంతవరకు తెలుసుకోవాలని ఉంది?" తర్వాతే "కాస్త కష్టమైన సంగతే" అని ముందు మనసుని సిద్ధం చేసి, చిన్న చిన్న మాటల్లో చెప్పి, ఏడిస్తే ఏడవనిచ్చి, ఇక ఏం చెయ్యాలో మాట్లాడాలి. ఇది డాక్టర్లకే కాదు, ఇంట్లోవాళ్లకీ పనికొస్తుంది. చెప్పొద్దని పట్టుబట్టే చుట్టాలతో నేనిప్పుడు ఒకటే అంటాను: "నా అంతట నేను చెప్పను. అడిగితే మాత్రం అబద్ధం ఆడను."

నాలుగేళ్ల తర్వాత మా బాబాయికి అదే జబ్బు వచ్చినప్పుడు ఇలాగే చేశాం. డాక్టరమ్మ ఆ రెండో ప్రశ్న అడిగితే బాబాయి చెయ్యి అడ్డం పెట్టి, "వివరాలు నాకొద్దమ్మా, మావాడికి చెప్పండి" అన్నాడు. తెలుసుకోకూడదనుకోవడం కూడా ఆయన ఇష్టమే, దాన్నీ కాదనకూడదు. పది రోజులయ్యాక ఒక రాత్రి కరెంటు పోయి వాకిట్లో మంచాలేసుకుని పడుకున్నప్పుడు, ఆయనే అడిగాడు, "ఏ స్టేజంటరా?" చెప్పాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "కోతల టైముకి నడవగలనంటావా?" అన్నాడు.

"తెలీదు బాబాయ్. రేపు డాక్టరమ్మనే అడుగుదాం."

"అడుగు. ఈలోపు బీరువాలో కౌలు కాయితం ఉంటది, తెల్లారగానే బయటికి తియ్యి" అని అటు తిరిగి పడుకున్నాడు.