పన్నెండేళ్లు వాడిన వాల్వు యాంప్లిఫయర్: ఆ డుబ్‌డుబ్ ఎక్కడిదంటే

ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వయొలిన్ వినడానికే ఈ వాల్వు (ట్రాన్సిస్టర్‌ బదులు వేడెక్కి వెలిగే గాజు గొట్టాల) యాంప్లిఫయర్‌ని కొన్నాను. ఆయన ప్రిన్సిపాల్‌గా పనిచేసిన సంగీత కళాశాల మా విజయనగరంలోనే ఉంది కదా, చిన్నప్పటి నుంచి ఆ పిచ్చి. పాత రికార్డు గరగర ఎలాగూ ఉంటుంది. యాంప్లిఫయర్ మాత్రం తన చప్పుడేదీ కలపదు. కమాను తీగను పట్టుకోవడం కూడా తెలుస్తుంది. అందుకే ఇదంటే ప్రాణం.

పోయిన వర్షాకాలం ఒక రాత్రి, ఇంకా రికార్డు పెట్టనేలేదు, డుబ్... డుబ్... డుబ్. దూరంగా పొలంలో ఆయిల్ ఇంజన్ నడుస్తున్నట్టు. స్పీకర్ గుడ్డ తీసి చూస్తే, కోను సెకనుకు రెండుసార్లు ముందుకొచ్చి వెనక్కెళ్తోంది. వాల్యూమ్ సున్నాకి తిప్పినా అంతే.

రిపేరు షాపులో స్పీకర్‌ను నడిపే ఔట్‌పుట్ వాల్వులు పోయాయన్నారు. కొత్త ఈఎల్84 వాల్వుల జత కొన్నాను. డుబ్‌డుబ్ పోలేదు. ఆ డబ్బు తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

ఆదివారం నేనే మూత తీశాను. మొదటి వాల్వు పీకితే చప్పుడు ఆగింది, పెడితే అర నిమిషంలో మళ్లీ మొదలు. ఔట్‌పుట్ నుంచి కొంత సిగ్నల్‌ను వెనక్కి మొదటికి తెచ్చే ఫీడ్‌బ్యాక్ తీగ ఊడదీసినా ఆగలేదు. ఇక మిగిలింది సప్లై. వాల్వులన్నిటికీ హెచ్‌టీ, అంటే వాటిని నడిపే ఎక్కువ వోల్టేజీ, ఒకే చోటి నుంచి వస్తుంది. ఔట్‌పుట్ వాల్వులు కరెంటు లాగినప్పుడు అది కాస్త కుంగుతుంది. ఆ కుంగుడు మొదటి వాల్వుదాకా పోకుండా మధ్యలో ఒక కండెన్సర్ ఆపాలి. అది ఎండిపోతే కుంగుడు అక్కడికి చేరి, పెరిగి, మళ్లీ ఔట్‌పుట్‌కి వచ్చి, తిరిగి సప్లైనే ఊపుతుంది. చూస్తే ఆ 8 మైక్రోఫారడ్ కండెన్సర్ అడుగు రబ్బరు ఉబ్బి, చుట్టూ గోధుమరంగు జిగురు కారి ఉంది.

స్విచ్ ఆపి, 300 వోల్టుల హెచ్‌టీని రెసిస్టెన్స్ పెట్టి దించి, మీటరుతో చూసుకున్నాకే చెయ్యి పెట్టాను. పాతదానికి పక్కనే 22 మైక్రోఫారడ్, 450 వోల్టులది తగిలించి ఆన్ చేశాను. వాల్వులు ఎర్రబడ్డాయి. కోను కదల్లేదు. అప్పుడు పాతదాన్ని పీకేసి కొత్తదే ఉంచాను.

"ఒకసారి కొంటే మళ్లీ మూత తియ్యక్కర్లేదు" అని స్నేహితులకు చెప్పేవాణ్ణి. ఇప్పుడు అలా చెప్పను. ఇలా ఎండిపోయే రకం, అంటే ఎలక్ట్రోలిటిక్ కండెన్సర్లు, మిగతావి కూడా మార్చేశాను.

నాకు సోల్డరింగ్ వచ్చు, గది చిన్నది, వినేది రాత్రి భోజనాలయ్యాక ఒక గంట. కాబట్టి నాకు ఇదే చాలు. పెద్ద హాల్లో వినేవాళ్లకూ, ఇంట్లో చిన్నపిల్లలున్నవాళ్లకూ మాత్రం కొనమని చెప్పలేను.